అవ్వ పాటకి ఏ కరెంటు?

పాడేరు దగ్గర మా ఊరి అవ్వ పాడే థింసా పాటలు రికార్డు చేద్దామని మేం ఇద్దరం టీఎల్072 ఐసీతో మైకు ప్రీయాంప్ బోర్డు చేసుకున్నాం. బోర్డు బాగానే ఉంది. గొడవంతా సప్లై దగ్గరే.

ముందు మొబైల్ ఛార్జర్ పెట్టాం. 5 వోల్టులు ఆ ఐసీకి చాల్లేదు, పైగా కీచుమని మోత. తర్వాత విశాఖ నుంచి 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 తెచ్చాం. రెండింటి కాళ్లూ ఒకే వరస అనుకొని బిగించేశాం. 7812కి మొదటి కాలు ఇన్‌పుట్, 7912కి గ్రౌండు! కాలిపోయింది. సోప్ కొనుక్కోవాల్సిన డబ్బులు అవి. మార్చి పెట్టాక హాస్టల్లో చప్పుడే లేదు. తెగ గర్వపడ్డాం.

ఊళ్లో పెడితే మళ్లీ గుయ్‌మని హమ్ము. మీటరు పెట్టి చూస్తే కరెంటు 180 వోల్టులే. 7812 సరిగ్గా 12 ఇవ్వాలంటే లోపలికి 14 దాకా రావాలి, మాకు అంత రావట్లేదు. పుస్తకంలో 230 అని ఉంటే మనూళ్లోనూ 230 అనుకున్నాం, అదీ మా తెలివి.

చివరికి 9 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి, మధ్య జాయింటుని గ్రౌండు చేశాం. ప్లస్ 9, మైనస్ 9. ఆ ఐసీ తాగేది 3 మిల్లీయాంపుల లోపే, చాలా గంటలు లాగుతాయి.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చొని ఆరు పాటలు పాడింది. మూడోదాంట్లో కోడి కూసింది, అదీ పడింది. హమ్ము లేదు. ఏడో పాట సగంలో ఆగి "నోటికి రాట్లేదురా" అంది. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం, కొత్త బ్యాటరీలతో.