వసిష్ఠ ఒడ్డున సీమంతం

గోదావరి డెల్టాలో సీమంతమంటే ఒక్క ఇంటి వేడుక కాదు. నాలుగైదు ఊళ్ళ చేతిపని వచ్చి ఒక పళ్ళెంలో చేరితే అది సీమంతం. పూతరేకులు ఆత్రేయపురంవి, పూలు కడియపులంకవి, లేసు నర్సాపురంది. చలిమిడి మాత్రం పుట్టింటిది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నా ఈ సంగతి నాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు. మా మేనకోడలికి ఏడవ నెల వచ్చి, మేనమామ హోదాలో రెండు చేతిసంచీలు పుచ్చుకొని రాజమండ్రి నుంచి నర్సాపురం దాకా తిరిగినప్పుడు గాని తెలిసిరాలేదు.

ముందుగా మా అల్లుడు హైదరాబాదులోనే ఏర్పాటు చేద్దామన్నాడు. ఈ రోజుల్లో వేడుకలు నడిపించే కంపెనీలు ఉన్నాయి కదా! వాళ్ళు పంపిన పట్టికలో రంగు బుడగలు, పూల ఉయ్యాల, ‘బేబీ షవర్’ అని వెలిగే అక్షరాలు, ఫొటోలు తీసే మనిషితో సహా అన్నీ ఉన్నాయి. ధర కూడా ఉన్నది. అది చూసి మా అక్కయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

“సీమంతం మా ఇంట్లోనే. ఇచ్చేవీ పెట్టేవీ అన్నీ చేతితో చేసినవే. తమ్ముడూ, నువ్వు రాసుకో, నేను చెబుతాను,” అన్నది.

అక్కయ్యది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా బావగారు పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో శుభకార్యం జరగలేదు. అందుచేత ఆ పట్టిక రాసుకుంటుంటే నా చెయ్యి కొంచెం తడబడింది. ఎందుకో పాఠకులకు ముందు ముందు తెలుస్తుంది.

రాజమండ్రి నుంచి పాలకొల్లు వెళ్ళడానికి జాతీయ రహదారి ఉన్నది. నేను మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట ఈ చోటనే ఉండేది; ఇప్పుడున్నది దాని బదులు కట్టిన బ్యారేజీ. ఇక్కడే అఖండ గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. బొబ్బర్లంక దగ్గర దిగి కాలవగట్టు పట్టుకుంటే లొల్ల లాకులు, ఆ పక్కన ఆత్రేయపురం. ఒక వైపు కొబ్బరి, ఒక వైపు అరటి. మధ్యలో నీళ్ళు మనతోబాటే నడిచివస్తూంటాయి.

ఆత్రేయపురంలో రేకు తీయడం చూడవలసిన పని. ఒక పెద్ద కుండను పొయ్యిమీద బోర్లిస్తారు. కింద కొబ్బరాకు మంట. బియ్యప్పిండి పల్చగా, పాలలాగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ వీపుమీద ఒక్కసారి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా పొర ఆరిపోయి ఊడివస్తుంది. దీపానికి అడ్డం పెడితే అవతలి వెలుగు కనబడుతుంది. నెయ్యి, బెల్లంపొడి చల్లి మడతపెడితే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వెళ్ళిన ఇంట్లో ఇల్లాలు మంట ముందు చెమటోడుస్తూ, “గుర్తింపు వచ్చిందండి. పొగ మాత్రం పాతదేనండి,” అని నవ్వింది. అక్కయ్య రాయించిన ప్రకారం నేను ఉత్తరేకులే కొన్నాను. చుట్టడం ఇంట్లో చుట్టాలి.

రావులపాలెం మీదుగా సిద్ధాంతం వంతెన దాటాను. పెనుగొండ, మార్టేరు పోయి పాలకొల్లు వచ్చేటప్పటికి పొద్దు వాలింది. డచ్చివారు పదిహేడవ శతాబ్దంలోనే ఇక్కడ వర్తకశాల పెట్టి, ఈ చుట్టుపక్కల నేసిన గుడ్డలు ఓడలకెక్కించారు. నర్సాపురంలో ఓడలే కట్టేవారు. ఈ ప్రాంతపు చేతిపని సముద్రం దాటి వెళ్ళడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

మర్నాడు అక్కయ్యా నేనూ నర్సాపురం వెళ్ళాము. ఊరు వసిష్ఠ ఒడ్డున ఉన్నది. లేసు అల్లిక ఇక్కడికి పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. కొక్కెమున్న సన్నని సూది, నూలు దారం, ఆడవాళ్ళ చెయ్యి – ఇంతే సామగ్రి. వీధి అరుగుల మీద కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, చూపైనా వాల్చకుండా అల్లుకుపోతారు. ఒకామె పువ్వులు అల్లుతుంది. దాన్ని చేతిపని అంటారు. ఇంకొకామె ఆ పువ్వులను కలుపుతుంది, అది అతుకుపని. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన దుప్పటి ఎట్లా ఉంటుందో చూడకుండానే జీవితం గడిపెయ్యవచ్చు. దారం ఇచ్చేదీ, సరుకు పట్టుకుపోయేదీ ఏజెంటు. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే మిషను లేసు చవకగా దొరుకుతున్న రోజుల్లో కొత్త పిల్లలు సూది పట్టుకోవడానికి ఇష్టపడడంలేదు. వాళ్ళను తప్పుపట్టడం ఎట్లా?

మేరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీల మధ్య తిరిగి, 1982లో నర్సాపురం లేసు పనివారిమీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించింది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది: పొద్దస్తమానం అల్లేవాళ్ళను అందరూ కేవలం గృహిణులంటారు, వాళ్ళు చేసేది తీరిక వేళల కాలక్షేపమంటారు, కాలక్షేపానికి కూలి ఎంత ఇస్తే ఎంత! నేను ఈ మాట చెప్పగానే అక్కయ్య, “దీనికి జర్మనీ నుంచి రావాలా? నన్ను అడిగితే చెప్పేదాన్ని,” అన్నది.

నిజమే. అక్కయ్య తొమ్మిదో ఏట సూది పట్టింది. పెళ్ళయ్యాక కూడా ఎన్నో ఏళ్ళు ఏజెంటుకు అల్లింది. చంటిపిల్లల గౌనులకు అంచులు, టోపీలు, చిన్న చిన్న మేజోళ్ళు – అన్నీ ఎక్కడో దూరదేశపు బిడ్డలకు పోయాయి. తన కూతురు ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒక్క గౌను అల్లుకోవడానికి తీరలేదు. లెక్కకట్టి ఇచ్చిన దారంలో మూరెడు మిగిలేది కాదు. ఇప్పుడు మొదటిసారిగా దారం తన డబ్బుతో కొన్నది. పదహారు రోజులు కూర్చుని గౌను అల్లింది. అల్లిన పువ్వు తనదే, అతుకు తనదే. పూర్తయిన తర్వాత దాన్ని పరుపుమీద పరిచి, వెనక్కి నిలబడి చాలాసేపు చూసుకున్నది.

ఇక పేరంటాళ్ళకు ఇచ్చే కానుకలు. పసుపు, కుంకుమ, రెండు గాజులు పెట్టడానికి చిన్న చిన్న గుడ్డసంచులు కుట్టి, మూతికి లేసు అంచు వెయ్యాలి. యాభై సంచులు. వీధిలోని ఆడవాళ్ళు ఐదుగురు వచ్చి వారం రోజులు అల్లారు. ఆఖరి రోజున అక్కయ్య డబ్బు ఇవ్వబోతే, “అమ్మాయి సీమంతానికి డబ్బేమిటి పిన్నిగారూ!” అన్నారు వాళ్ళు. అక్కయ్య ఒప్పుకోలేదు. “మన పనిని మనమే ఊరికే చేసే పని అనుకుంటే ఏజెంటు ఏమనుకుంటాడే?” అని, ఏజెంటు ఇచ్చేదానికి రెట్టింపు లెక్కగట్టి ఇచ్చింది. పేరంటానికి వేరే పిలిచింది. పని పనే, పేరంటం పేరంటమే.

పొత్తిగుడ్డల సంగతి చెప్పాలి. చంటిబిడ్డను చుట్టే గుడ్డ పొత్తి. ‘పొత్తిళ్ళలో బిడ్డ’ అనే మాట దానిలోనుంచే వచ్చింది. ఇందుకు కొత్తగుడ్డ పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ కావాలి. అక్కయ్య బీరువా తెరిచి మా బావగారి పంచెలు నాలుగు తీసింది. మూడేళ్ళుగా ఎవరికీ ఇవ్వకుండా దాచినవి. అంచులు చింపి చతురస్రాలుగా కత్తిరించింది. మిగిలిన ముక్కలు తన పాత చీరల మధ్య పెట్టి బొంత కుట్టింది. కత్తెర ఆడుతున్నంతసేపూ ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

సీమంతం ముందురోజు చలిమిడి. బియ్యం రాత్రి నానబోసి, నీళ్ళు వార్చి, తడి ఆరకుండానే దంపి జల్లించాలి. బెల్లం పాకం పట్టి, చుక్క నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండకట్టేటప్పుడు దించి, పిండి కొంచెం కొంచెం పోస్తూ కలపాలి. నెయ్యి, కొబ్బరిముక్కలు, గసగసాలు, ఏలకులపొడి వెయ్యాలి. కన్నతల్లి చలిమిడి పెడితే కూతురికి కడుపు చలవ అంటారు. రోలు దగ్గర రోకలి పట్టినది అక్కయ్యే. పూలకోసం నేను ఆ తెల్లవారుజామునే కడియపులంక సంతకు పోయి మల్లెలు, కనకాంబరాలు బుట్టలతో తెచ్చాను.

సీమంతమనే మాటకు పాపట అని అర్థం. సీమ, అంత అనే పదాలు కలిస్తే మామూలుగా ‘సీమాంతం’ కావాలి, అంటే ఎల్ల. కాని తలకట్టు విషయంలో మాత్రం ‘సీమంతం’ అంటారని వ్యాకర్తలు ప్రత్యేకంగా చెప్పారు. భర్త ఏదుపంది ముల్లుతో భార్యకు పాపట తీయాలని గృహ్యసూత్రాల విధి. అందులోనే ఇంకొక ముచ్చట ఉన్నది. వీణ వాయించేవారు పాడేటప్పుడు, ఆ దంపతులు ఏ నది ఒడ్డున ఉంటే ఆ నది పేరు చెప్పాలట! ఏడుపంది ముల్లు మాకు దొరకలేదు గాని, నదికి కొరత లేదు. పురోహితుడు నీళ్ళకలశం ముందు గోదావరి పేరు చెప్పాడు.

మేనకోడలు ఆకుపచ్చ చీర కట్టుకొని, పూలజడ వేసుకొని పీటమీద కూర్చున్నది. గాజులు తొడగడం మొదలుపెట్టబోతున్నారు. అల్లుడివైపు బంధువుల్లో ఒక పెద్దావిడ చుట్టూ చూసి, మెల్లగానే, కోపం లేకుండానే, “నువ్వు కాస్సేపు లోపల కూర్చోమ్మా. ముత్తైదువలు కానిస్తారు,” అన్నది మా అక్కయ్యతో.

అక్కయ్య అప్పటికే లోపలి గుమ్మం దాటుతున్నది. ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. పట్టిక రాసిన రోజున నా చెయ్యి తడబడినదీ అందుకే. మా రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఆ తేదీ మీద నేను ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. కాని ఆ వసారాలో, అంతమంది ఆడవాళ్ళ మధ్య, నా గొంతు పెగలలేదు.

మేనకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. “అమ్మ రానీ,” అన్నది. ఇంకేమీ అనలేదు.

అందరూ వియ్యపురాలి వంక చూశారు. ఆమె మితభాషిణి. పొద్దుటినుంచి పది మాటలు మాట్లాడి ఉండదు. లేచి గుమ్మంలోకి వెళ్ళి మా అక్కయ్య మణికట్టు పట్టుకున్నది.

“వదినగారూ, పిండి దంపింది ఈ చెయ్యే. గౌను అల్లింది ఈ చెయ్యే. ఆ చలిమిడి మనవాళ్ళందరూ తినబోతున్నారు. తినడానికి పనికివచ్చిన చెయ్యి గాజు తొడగడానికి పనికిరాదా? మొదటి గాజు మీరే తొడగండి,” అన్నది.

అక్కయ్య ఆకుపచ్చ గాజు తీసుకొని కూతురి చేతికి ఎక్కించింది. చిన్నగాజు, వేళ్ళ దగ్గర కాస్త పట్టింది. వేళ్ళన్నీ దగ్గరకు నొక్కి మెల్లగా తిప్పింది. లేసు అల్లిన వేళ్ళు కదా, పగలకుండా జారిపోయింది. తరువాత వియ్యపురాలు తొడిగింది. ఆ తరువాత వరసగా అందరూ. ఇల్లంతా గాజుల చప్పుడు.

పెద్దావిడ అరుగుమీదకు వెళ్ళి కూర్చున్నది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. విస్తళ్ళు వేసేటప్పుడు అక్కయ్యే చలిమిడి పొట్లం, లేసుసంచీ తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె తీసుకోకుండా ఉండలేదు, తీసుకొని మాట్లాడనూలేదు. సంచీని ఇటూ అటూ తిప్పి అంచు చూసి, “ఎవరు అల్లారు?” అని మాత్రం అడిగింది.

“మా వీధివాళ్ళు. నేనూ అల్లాను,” అన్నది అక్కయ్య.

సంచీ కొంగులో ముడివేసుకున్నది ఆవిడ.

మీ ఇంట్లో ఇటువంటి శుభకార్యం వస్తే, వీలున్నవాళ్ళు ఒకసారి ఈ దారిన రండి. నర్సాపురంలో లేసు బేరమాడే ముందు అల్లిన మనిషికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి. అడిగిన తర్వాత బేరమాడడం కష్టం. పూతరేకులు ఉత్తరేకులుగా కొని ఇంటిల్లిపాదీ కూర్చుని చుట్టుకోండి; రెండు విరుగుతాయి, పిల్లలు తింటారు. పాత పంచెలు, మెత్తని నూలుచీరలు పారెయ్యకండి.

మనవరాలు పుట్టి నెల దాటింది. గౌను ఇంకా వదులు. పంచెగుడ్డ మాత్రం సరిగ్గా సరిపోయింది. ఆ పొత్తిళ్ళలో పడుకోబెడితే పిల్ల ఏడుపు మానుతున్నదని అక్కయ్య నిన్న ఫోనులో చెప్పింది.