సెలవు లేని చదువు

'మీరు ముస్లింలు కదా, తెలుగు ఇంత బాగా ఎట్లా మాట్లాడతారు?' ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆఫీసులో విన్నాను, రైల్లో విన్నాను, సాహిత్య సభల్లో కూడా విన్నాను. అనేవాళ్లకు అది మెచ్చుకోలే. నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో. దిద్దింది తెలుగు అక్షరాలు. బతుకుదెరువుకు సంతోష్‌నగర్ చేరి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, వీధిలో రెండూ. అయినా ఆ ప్రశ్న వినగానే, నేనేదో పరాయి దేశం నుంచి ఆరు వారాల కోర్సుకు వచ్చి తెలుగు నేర్చుకున్నవాణ్ణయిపోతాను.

అట్లాంటి కోర్సులు నిజంగానే ఉన్నాయి. సెలవులు పెట్టుకుని, టికెట్టు కొనుక్కుని, నేర్చుకోవడానికే దేశాలు తిరిగేవాళ్లున్నారు. స్పానిష్ కోసం సలమాంకా పోతారు. వంట కోసం ఇటలీలోని టస్కనీ పల్లెలకు, టాంగో నాట్యం కోసం బ్యూనస్ ఎయిర్స్‌కు పోతారు. మన దేశానికీ వస్తారు. మస్సూరీ పక్కన లాండూర్ కొండ మీద తెల్లవాళ్లు హిందీ, ఉర్దూ నేర్చుకునే బడి ఉంది. కృష్ణా జిల్లా కూచిపూడికి పరదేశీ అమ్మాయిలు వచ్చి గజ్జె కట్టి పోతారు. ఇందులో తప్పేమీ లేదు. మరొకరి భాష కోసం కష్టపడే మనిషి మీద నాకు గౌరవమే. నా ప్రశ్న ఒక్కటే. నేర్చుకోవడం అని దేన్ని అంటున్నాం? ఎవరు నేర్చుకుంటే అది చదువు అవుతుంది?

మా ఇంట్లోనూ ఒకరు విదేశానికి పోయి భాషా, వంటా నేర్చుకుని వచ్చారు. మా ఖాలా. అమ్మకు చెల్లెలు. 1993లో ఇద్దరు పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, రియాద్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. దిగిన రోజే పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని బీరువాలోకి వెళ్లింది. ఖాలాకు అరబ్బీ అక్షరాలు చిన్నప్పటినుంచీ తెలుసు. ఖురాన్ చదవడం వచ్చు. కానీ ఆ అరబ్బీ వంటింట్లో పనికి రాలేదు. అక్కడ ఆమెకు మొదట వచ్చిన మాటలు నాలుగు. తాల్, రా. రూహ్, పో. సవ్వీ, చెయ్యి. మాఫీ, లేదు. ఏ భాషా తరగతిలోనైనా మొదటి పాఠం 'నీ పేరేమిటి' అని మొదలవుతుంది. ఖాలా పాఠం ఆజ్ఞలతో మొదలైంది. ఆమె పేరు అడిగినవాళ్లు చాలా రోజులదాకా లేరు. చివరికి అడిగింది ఆ ఇంటి ముసలమ్మ ఒక్కతే.

కబ్సా వండడం కూడా ఆ ముసలమ్మే నేర్పింది. మన బిర్యానీలా పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి దమ్ పెట్టడం కాదు. ముందు మాంసాన్ని మసాలాలతో ఉడికించి తీసేయాలి. ఆ నీళ్లలోనే బియ్యం ఉడకాలి. ఎండి నల్లబడ్డ నిమ్మకాయ వేయాలి. ఉప్పు తప్పితే తిట్లు, అన్నం మెత్తబడితే తిట్లు. నాలుగేళ్లలో ఖాలా ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. వచ్చాక అడిగాను, అరబ్బీ అంత తొందరగా ఎట్లా వచ్చిందని. 'డర్ కే మారే సీఖీ బేటా, షౌఖ్ సే నై' అంది. భయానికి నేర్చుకున్నా బిడ్డా, ఇష్టంగా కాదు.

ఆ మధ్య ఏదో సర్వేకు ఒక కుర్రాడు మా గల్లీకి వచ్చాడు. ఖాలా చదువు ఎంత అని అడిగాడు. బడికి పోలేదని చెప్పింది. 'చదువు లేదు' అని రాసుకుని పోయాడు. ఉర్దూ, తెలుగు, అరబ్బీ మూడింట్లో బేరమాడగల, పోట్లాడగల, ఓదార్చగల మనిషి ఆమె. ఆ కాగితంలో ఆమెకు చోటు లేదు. అదే రియాద్‌కు ఒక దొర ఫీజు కట్టి పోయి, అందులో సగం అరబ్బీ నేర్చుకుని వస్తే పత్రికలో ఫొటో పడుతుంది.

సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. ఇంగ్లీషు బ్యారక్స్ మన నోట్లో బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బుల బస్తీ. వాళ్లూ నేర్చుకున్నారు. మన ఉర్దూ నేర్చుకున్నారు, మన ఇళ్లల్లో పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత వాళ్లలో చాలామందిని పరాయివాళ్లని దేశం దాటించారు. ఇవాళ వాళ్ల మండీ కోసం నగరం నలుమూలల నుంచి జనం వస్తారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. వాళ్ల దగ్గరా, సిద్దీల దగ్గరా ఉన్న మర్ఫా దరువు లేకుండా పాతబస్తీలో బారాత్ కదలదు. ఆ దరువుకు ఎగరనివాడు ఉండడు. కానీ మర్ఫాను కళగా నిలబెట్టి నేర్చుకుందామని వచ్చినవాళ్లను నేను చూడలేదు. తిండి మనది అయింది, దరువు మనది అయింది. మనిషి మాత్రం ఇంకా అవతలివాడే.

ఇది మన దగ్గరే పుట్టిన రోగం కాదు. స్పెయిన్‌లో గ్రెనడా 1492లో ముస్లింల చేతి నుంచి పోయింది. 1567లో అక్కడి రాజు ఒక ఆజ్ఞ చాటించాడు. మతం మార్పించిన ముస్లింల సంతతి అరబ్బీ మాట్లాడొద్దు. మూడేళ్లలో కాస్టిలియన్ నేర్చుకోవాలి. వాళ్ల దుస్తులు వద్దు, హమామ్‌లు వద్దు, జంబ్రా అనే వాళ్ల ఆటపాట వద్దు. వాళ్లు తిరగబడ్డారు. 1609 నుంచి 1614 దాకా దేశం నుంచే వెళ్లగొట్టారు. ఇవాళ అదే గ్రెనడాలో సాక్రొమాంటే గుహల్లో జిప్సీ కళాకారులు ఆడే నాట్యం పేరు జంబ్రా. యాత్రికులు డబ్బిచ్చి చూస్తారు. బియ్యానికి, చక్కెరకు, నూనెకు స్పానిష్‌లో వాడే మాటలు ఇప్పటికీ అరబ్బీ నుంచి వచ్చినవే. మాటలను ఉంచుకున్నారు, మాట్లాడిన నోళ్లను తరిమారు.

ఇక్కడ మా వైపు నుంచి కూడా ఒక నిజం చెప్పాలి. 1918లో మొదలైన ఉస్మానియాలో ఉర్దూలోనే పాఠాలు. మాకు అది గర్వకారణం. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు బిడ్డ పై చదువు కావాలంటే ఉర్దూ గడప తొక్కాల్సిందే. అదీ సెలవు లేని చదువే. ఆ తెలుగువాడి కష్టం తలుచుకోకుండా ఉర్దూ గొప్పతనం గురించి మాట్లాడే హక్కు మాకు లేదు. 1948 తర్వాత చక్రం తిరిగింది. అదే ఉర్దూ చదువుతో మా పెద్దలు నౌకరీలకు పనికిరానివాళ్లయ్యారు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. బోర్డుల మీదికి వచ్చింది, మంచిదే. బోర్డు చదివేవాడు పక్కింటివాడు కావాలి కదా.

తిరుగు టికెట్టు జేబులో ఉన్నవాడి చదువు సరదా అవుతుంది. పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉన్నవాడి చదువు చాకిరీ అవుతుంది. భాష ఒకటే, వంట ఒకటే, చేసే చేతులు కూడా ఒకటే. గౌరవం ఒక్కటే పంచుకోవడంలో తేడా వచ్చింది.

ఖాలాకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు. మా గల్లీలో దావత్ అంటే కబ్సా దేగ్ దగ్గర ఇప్పటికీ ఆమే నిలబడుతుంది. మా పక్కింటి తెలుగు కోడలు ఆ వంట నేర్చుకుంటానని వస్తోంది. ఆమె తెలుగులో అడుగుతుంది, ఖాలా సగం ఉర్దూలో చెబుతుంది. ఇద్దరికీ అర్థమవుతుంది. ఈ చదువుకు వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు. వారానికి ఒక పూట తీరిక చాలు. మీరూ రండి. మా ఇల్లు దూరం కాదు.