ఒకటే రేకు, అన్ని రంగులూ!

కృష్ణారెడ్డి అంటే మన గిద్దలూరు, మార్కాపురం వైపు వీధికి ఇద్దరైనా ఉంటారు. కనబడిన వాళ్లందరికీ నేనిప్పుడు చెబుతున్న కృష్ణారెడ్డి వేరు. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ప్రింట్‌మేకర్. ఇన్నేళ్లూ ఈయన గురించి నాకెవరూ చెప్పలేదేం! ఏ పాఠంలోనూ పేరు తగల్లేదు. పద్మశ్రీ కూడా 1972లోనే వచ్చిందట.

ఆయన బొమ్మల్లో మొదట చూసింది 'వర్ల్‌పూల్', 1963 నాటిది. ఫోన్లోనే చూశా. సుడిగుండం అంటే నీళ్లు గిర్రున తిరగడమే కదా అనుకుంటూ వేళ్లతో పెద్దది చేశా. అంతే, అరగంట పోయింది. దూరం నుంచి ఒకటే రంగులా ఉన్నచోట దగ్గరికెళితే సన్నటి గీతలు, గీతల సందున ఇంకో రంగు, దాని అడుగున మరోటి. కుంచెతో అద్దినవి కావవి. లోహపు రేకును చెక్కి, సిరా పట్టించి, తడి కాగితం మీదికి దింపిన అచ్చు!

మామూలుగా రంగుల అచ్చంటే రంగుకో దిమ్మె కావాలి. మన బందరు కలంకారీలోనూ అంతే. ఈయన ఒకటే రేకు మీద రంగులన్నీ ఎక్కించి, ప్రెస్‌లో ఒక్కసారే తీసేవాడు. కిటుకంతా సిరా చిక్కదనంలో ఉంది. రేకును రకరకాల లోతుల్లో చెక్కుతారు. ముందు గాడుల్లో సిరా నింపి, పైన తుడిచేస్తారు. తర్వాత అవిసె నూనె కలిపి పలచన చేసిన రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే, అది మిట్టల మీదే అంటుకుంటుంది. ఆపైన చిక్కటి రంగుతో మెత్తటి రోలర్. అది పల్లాల్లోకీ దిగుతుంది. పలచటి సిరా ఉన్నచోట మాత్రం ఈ చిక్కటిది అంటుకోదు! రెండు రంగులూ పక్కపక్కనే ఉంటాయి గానీ కలిసిపోవు. తోటి ప్రింట్‌మేకర్ కైకో మోతీతో కలిసి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన వర్క్‌షాప్ 'అటెలియే 17'లో ఈ పద్ధతికి దారి వేశారు. తర్వాత కృష్ణారెడ్డి ఆ వర్క్‌షాప్‌కే సహ సంచాలకుడయ్యాడు.

మార్కాపురంలో పలకరాయి చీల్చడం చూసినవాళ్లకి ఇది ఇట్టే ఎక్కుతుంది. ఉలి పెట్టి ఒడుపుగా తడితే రాయి పొరలుగా విడిపోతుంది. మనవాళ్లు ఉన్న పొరల్ని విడదీస్తారు, ఆయన పొరలే లేని రేకులో వాటిని పుట్టించాడు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుతూ క్విట్ ఇండియా ఉద్యమంలో దిగిన కుర్రాడు, తర్వాత ఆ ఇంగ్లీషువాళ్ల లండన్‌కే వెళ్లి స్లేడ్ స్కూల్లో చేరాడు. (నాకు భలే నచ్చింది ఈ సంగతి.) 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడితే 'డెమాన్‌స్ట్రేటర్స్' చెక్కాడు. వీధి పోరాటం అంతకుముందే తెలిసిన చెయ్యి అది.

అదే 'అటెలియే 17'లో పనిచేసిన అలీగఢ్ అమ్మాయి జరీనా గురించి కూడా చెప్పాలి. ఆమె 2001లో చేసిన 'డివైడింగ్ లైన్' అనే చెక్క అచ్చులో భారత్, పాకిస్తాన్‌ల సరిహద్దు ఒక నల్లటి వంకర గీత, అంతే. 1947లో ర్యాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు దొర అయిదు వారాల్లో గీసిపెట్టి పోయిన గీత! ఆమె ఆ గీతను చెక్కలేదు. చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేసి, గీతను మాత్రం మిగిల్చింది. దొరలు వెళ్లిపోయాక మిగిలిందేమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన బొమ్మ నేను చూడలేదు.

ఇప్పుడు మళ్లీ కృష్ణారెడ్డి దగ్గరికే వచ్చి, ఆయన 'గ్రేట్ క్లౌన్' వెంట పడ్డాను. ఆ ఒక్క రేకు నుంచే రంగులు మార్చి మార్చి అచ్చులు తీశాడాయన. రెండు చూశా. రెండూ ఒకే రేకు నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు, కావాలంటే మీరూ పక్కపక్కన పెట్టి చూడండి!