అమ్మ లైను, నా లైను

2022 జులై 15న నేను లండన్‌లో ఒక విమానాశ్రయంలో లైన్లో నిలబడి ఉన్నాను. అదే రోజు భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఎప్పుడు మొదలుపెట్టినా అది ఒక సంజాయిషీలా తయారయ్యేది. తల్లి వరదలో ఉంటే కూతురు విమానాల్లో తిరుగుతోందని మా చుట్టాలన్న మాటకి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉండేది. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. లైన్ల గురించి మాత్రం కొంత చెప్పగలను.

మాది కూనవరం దగ్గర ఊరు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. నేను పుట్టినప్పుడు అది ఖమ్మం జిల్లా. చదువు ఖమ్మంలోనూ ఆ తరవాత హైదరాబాదులోనూ సాగింది. పీహెచ్‌డీకి తెలుగు స్త్రీల యాత్రా రచనలు తీసుకున్నాను. "ఆడవాళ్ళు ఎన్ని యాత్రలు చేశారని, ఎన్ని రాశారని?" అని నవ్విన వాళ్ళున్నారు. పోతం జానకమ్మ రాఘవయ్య అనే ఆవిడ ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో రాసుకుని, దాన్ని ఇంగ్లీషు చేసి 1876లో మద్రాసులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అనే పుస్తకంగా వేసిందని చెప్తే ఆ నవ్వు కాస్త తగ్గేది. సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో వెళ్ళిందామె. ఒకటి మాత్రం ఆమెకి లేదు, పాస్‌పోర్టు గొడవ. మన దేశంలో పాస్‌పోర్టు చట్టం వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం తరవాత, 1920లో. ఆమెని గడప దగ్గర ఆపే వాళ్ళు చాలామందే ఉండి ఉంటారు గానీ, కౌంటరు వెనక కూర్చుని ఆపేవాడు ఇంకా పుట్టలేదు.

నన్ను ఆపినవాడు 2013లో తగిలాడు. మొదటి పాస్‌పోర్టు కోసం హైదరాబాదులో ఒక ఆఫీసుకి వెళ్ళాను. అప్పటికి ఖమ్మంలో అలాంటి సదుపాయం లేదు. దరఖాస్తులో తండ్రి పేరు రాశాను గానీ ఆయన సంతకం, ఆయన కాగితాలు ఏవీ లేవు. నాకు ఆరేళ్ళప్పుడు ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు. "ఆయన బతికున్నారా, పోయారా?" అని అడిగాడు కౌంటరులో మనిషి. తెలీదన్నాను. "తెలీదు అనే గడి లేదమ్మా ఇందులో" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. లేదు. రెండుసార్లు వెనక్కి పంపి మూడోసారికి తీసుకున్నారు. తండ్రి, తల్లి, సంరక్షకుడు, వీళ్ళల్లో ఒక్కరి పేరుంటే చాలునని, విడిపోయిన స్త్రీలు భర్త పేరు రాయనక్కర్లేదని విదేశాంగ శాఖ ప్రకటించింది 2016 డిసెంబరులో. ఒంటరి తల్లులు ఎన్ని కౌంటర్ల దగ్గర ఎన్నేళ్ళు తగువులాడితే వచ్చిందో ఆ ఒక్క వాక్యం. నాకు మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఆ తరవాత విచారణ కోసం మనిషి మా ఊరికి వచ్చాడు. మా అమ్మ అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకి అన్నం పెడుతుంటే గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడట. అమ్మాయి ఏం చదువుతోంది, ఎవరితో వెళ్తోంది, ఎందుకింకా పెళ్ళి చెయ్యలేదు, అడవిలోకి ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా... ఈ ఆఖరి ప్రశ్న మా వైపు ఊళ్ళ వాళ్ళకి కొత్త కాదు. బస్సు ఆపి దింపి లైన్లో నిలబెట్టి సంచులు విప్పి చూడటం నా చిన్నతనంలో మాకు ప్రయాణంలో ఒక భాగం. ఇమిగ్రేషన్ అనే మాట తెలీకముందే ఇమిగ్రేషన్ తెలుసు మాకు.

ఏడాది తిరిగేసరికి రాష్ట్రం రెండయింది. పోలవరం కోసం 2014 మే చివర్లో ఆర్డినెన్సు, జులైలో చట్టం తెచ్చి భద్రాచలం చుట్టూ ఉన్న ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రామాలయం ఉన్న భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటి ఎటపాక వైపు నాలుగడుగులేస్తే వేరే రాష్ట్రం. మాకు జిల్లా కేంద్రం ఖమ్మం పోయి కాకినాడ వచ్చింది. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా అని పాడేరు వచ్చింది. ఆ తరవాతా గీతలు మారుతూనే ఉన్నాయి. మా అమ్మ మాత్రం పుట్టి బుద్ధెరిగాక భద్రాచలం దాటి వెళ్ళింది రెండు మూడుసార్లే. ఆమె కదల్లేదు, రాష్ట్రమే ఆమె కింద నుంచి కదిలింది. నా పాస్‌పోర్టులో పుట్టిన ఊరు కూనవరం, చిరునామా ఖమ్మం, రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ చిన్న నీలం పుస్తకంలో ఇంకా కలిసే ఉన్నాయవి.

జానకమ్మ పుస్తకం మీద పత్రం చదవమని లండన్ నుంచి 2022లో పిలుపొచ్చింది. వీసా దరఖాస్తుతో పాటు, నువ్వు తిరిగి వెళ్తావని నమ్మించే కాగితాలు పెట్టాలి. ఉద్యోగం తాత్కాలికం. పెళ్ళి కాలేదు. సొంతిల్లు లేదు. ఉన్న ఎకరం ముంపు జాబితాలో ఉంది. మునిగిపోబోయే పొలాన్ని తిరిగి రావడానికి రుజువుగా చూపించడం ఎలాగో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. కాలేజీ వాళ్ళిచ్చిన ఉత్తరం పెట్టాను. మా అమ్మ ఉందని చెప్పడానికి అందులో జాగా దొరకలేదు.

శంషాబాదులో నా ముందు కువైట్ వెళ్తున్న ఒక గోదావరి జిల్లా ఆమె నిలబడి ఉంది. "అక్కా, లోపల ఏమడుగుతారు?" అంది. నాకు మాత్రం ఏం తెలుసు, నాదీ మొదటిసారే. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టుల మీద ఒక ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళకి విడిగా అనుమతి కావాలి. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలని ఇంకో షరతు. రక్షణ కోసమే అంటారు. మోసపోయి, దెబ్బలు తిని వచ్చిన వాళ్ళని చూశాను కాబట్టి ఆ మాటని కొట్టిపారెయ్యలేను. కానీ మూడు పదులు నిండని ఆడది ఆకలి తీర్చుకోడానికి దొంగదారి వెతుక్కుంటే ఆ రక్షణ ఎక్కడుంటుంది? ఆమె పాస్‌పోర్టుని తిప్పి తిప్పి చూశారు. నాది చూసి వెంటనే ఇచ్చేశారు. నా చదువు నాకు చేసిన మేలు అంత సూటిగా ఎప్పుడూ కనపడలేదు.

లండన్‌లో దిగాక నా లైను చిన్నదేం కాదు. ఆ లైన్లో నిలబడ్డంతసేపూ నాకు 1979 జనవరి గుర్తొస్తూ ఉంది. పెళ్ళి చేసుకోడానికి వచ్చిన 35 ఏళ్ళ భారతీయ స్త్రీని, ఒక టీచరుని, హీత్రోలో కన్యాత్వ పరీక్ష పేరుతో ఒక మగ డాక్టరు చేత పరీక్ష చేయించారు. పెళ్ళి కాని స్త్రీ అయితే కన్యే అయి ఉండాలి, లేకపోతే అబద్ధమాడుతోంది. ఇదీ వాళ్ళ తర్కం. పత్రికలో వచ్చాక గొడవై ఆపేశారు. అక్కడి నల్లజాతి, ఆసియా స్త్రీల సంఘాలు ఆ విమానాశ్రయంలోనే నిరసన చేశాయి. అది ఒక్కరికి జరిగింది కాదని, కనీసం 80 మందికి అలాంటి పరీక్షలు జరిగాయని చాలా ఏళ్ళ తరవాత ప్రభుత్వ దస్తావేజుల్లో బయటపడింది. మన మధ్యతరగతి నీతీ తెల్లవాడి ఇమిగ్రేషనూ ఒకే పాఠం చదువుకున్నాయన్నమాట. నాకప్పుడు 34 ఏళ్ళు. కౌంటరులో అమ్మాయి నాకన్నా చిన్నది, మర్యాదగానే మాట్లాడింది. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళు, తిరుగు టికెట్టేది. మూడు ప్రశ్నలు. అయినా బయటికొచ్చాక నా చేతులు చల్లగా ఉన్నాయి.

సదస్సు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇరవై నిమిషాలు చదివాను, పది మంది విన్నారు, ఇద్దరు మంచి ప్రశ్నలు వేశారు.

జులై 12న హీత్రో వాళ్ళు రోజుకి లక్ష మంది కన్నా ఎక్కువ మంది అక్కడి నుంచి బయల్దేరడానికి వీల్లేదని పరిమితి పెట్టారు. వేసవి టికెట్లు అమ్మొద్దని విమాన సంస్థలకి చెప్పారు. యూరప్‌లో చాలాచోట్ల అదే పరిస్థితి. కోవిడ్‌లో ఉద్యోగాల్లోంచి తీసేసిన వాళ్ళ స్థానాలు నిండలేదు, జనం మాత్రం ఒక్కసారిగా ప్రయాణాలు మొదలెట్టారు. సంచులు మోసేవాళ్ళు, సోదా చేసేవాళ్ళు, భోజనాలు సర్దేవాళ్ళు లేకపోతే విమానం లేవదని అందరికీ అప్పుడు గుర్తొచ్చింది. 2005 ఆగస్టులో హీత్రోలో విమానాలకి భోజనాలు అందించే గేట్ గోర్మే కంపెనీ వందల మందిని ఒక్కరోజులో తీసేసింది. వాళ్ళల్లో ఎక్కువమంది పంజాబీ ఆడవాళ్ళు. వాళ్ళకి మద్దతుగా మిగతా సిబ్బంది పని ఆపితే విమానాలు నిలిచిపోయాయి. అప్పుడు ఆ చేతుల విలువ తెలిసింది, మళ్ళీ మర్చిపోయారు.

నా విమానం 15న. వేరే విమానాశ్రయం, ఏదయితేనేం. 14 రాత్రి రద్దయిందని మెసేజ్ వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, సంగీతం వినపడుతుంది. పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడ్డాను. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు. అందరి కష్టమూ ఒకటే అనుకున్నాను మొదట్లో. వాళ్ళు సెలవులకి వెళ్ళలేకపోతున్నారు. నేను ఇంటికి వెళ్ళలేకపోతున్నాను. మధ్యాహ్నం అమ్మ ఫోన్ కలిసింది.

"గుట్టెక్కేసినాం. బానే ఉన్నాం. నువ్వు తిన్నావా?"

"నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినయమ్మా?"

"ఎనభై ఆరు వరదంత లేదులే."

1986 ఆగస్టు వరద మా అమ్మకి కొలబద్ద. 75.6 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక 43, రెండోది 48, మూడోది 53 అని మా పిల్లలకి ఎక్కాల కన్నా ముందే వస్తుంది. అంతలో ఛార్జింగ్ అయిపోయింది. మర్నాడు 16న 71.3 దగ్గర ఆగి తగ్గుముఖం పట్టింది గోదావరి. అప్పటికి భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

చుట్టాలు ఫోన్లు చేశారు నాకు. "ఈ టైములో అక్కడెందుకు?" అని పెద్దమ్మ. "నువ్వయినా ఉండాల్సింది" అని మేనమామ. మా అన్నయ్య ఖమ్మంలోనే ఉన్నాడు. దారులు మూసుకుపోయి అతనూ వెళ్ళలేకపోయాడు, అతని తప్పేం లేదు. కానీ ఖమ్మంలో ఉన్న కొడుక్కి దారి మూసుకుపోతే అది వరద, లండన్‌లో ఉన్న కూతురికి విమానం రద్దయితే అది నేరం. ఆ రోజు ఆ తేడాకి కోపం రాలేదు నాకు. సిగ్గేసింది. కోపం తరవాతెప్పుడో వచ్చింది.

20కి టికెట్టు ఇచ్చారు. ఈస్ట్‌హామ్‌లో స్నేహితురాలి గదిలో నేల మీద పడుకున్నాను. 19న ఆ దేశంలో ఎండ 40.3 డిగ్రీలకి చేరిందని, చరిత్రలో ఇదే ఎక్కువని గగ్గోలు. కొత్తగూడెం వాళ్ళం, భద్రాచలం వాళ్ళం ఆ వార్త ఎలా వింటామో చెప్పక్కర్లేదు.

శంషాబాదులో దిగి బస్సులో మూడువందల కిలోమీటర్లు. వంతెన దాటి, ఎటపాక దాటి కూనవరం వైపు వెళ్తుంటే దారి పొడుగునా బురద వాసన, చెట్ల కొమ్మలకి చీరలు. అమ్మ గుట్ట దిగి వచ్చేసింది. ఊరి మధ్య సాయం పంచే లైన్లో పిన్నితో నిలబడి ఉంది. తెలంగాణ వైపు కుటుంబానికి 10 వేలు ప్రకటించారు. ఆంధ్ర వైపు రెండు వేలు, బియ్యం, పప్పు. ఒకే గోదారి, ఒకే నీళ్ళు. ఎటపాక చుట్టుపక్కల 5 పంచాయతీల వాళ్ళు తమని తిరిగి తెలంగాణలో కలపమని ఆ వారంలోనే రోడ్డెక్కారు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళేసరికి గొడవ జరుగుతోంది. అమ్మ ఆధార్ కార్డులో పాత చిరునామా, ఖమ్మం జిల్లా అని ఉంది. "మీది ఈ జిల్లా కాదు కదా" అంటున్నాడు రాసుకునే కుర్రాడు. అమ్మ మాట్లాడకుండా నిలబడి ఉంది. పిన్ని అరుస్తోంది: "ఈమె చేతి అన్నం తిని పెరిగినోడివి, ఏ జిల్లానో నీకు తెలీదంట్రా?" వాడు తలొంచుకుని ఇంకో కాగితం చూసి పేరు రాశాడు. నా పీహెచ్‌డీ, నా పాస్‌పోర్టు అక్కడ దేనికీ పనికి రాలేదు. పిన్ని గొంతు పనికొచ్చింది.

ఇంట్లో గోడల మీద నడుం పైదాకా నీటి గీత. అమ్మ నవారు మంచం గుమ్మంలో వేసి, కాగితాల సంచి విప్పింది. గుట్ట ఎక్కేటప్పుడు బియ్యం వదిలేసి ఆ ప్లాస్టిక్ సంచి తీసుకెళ్ళిందట. రేషన్ కార్డు, పట్టా నకలు, బ్యాంకు పుస్తకం, నా పదో తరగతి మార్కుల లిస్టు. ఒక్కోటీ మంచం మీద పరిచి మీద గులకరాయి పెడుతోంది, గాలికి పోకుండా.

"నీదీ ఇటియ్యి" అంది.

"నాది తడవలేదమ్మా."

"ఇయ్యవే. ఎక్కడెక్కడ తిరిగిందో, చెమ్మ పట్టి ఉంటది."

ఇచ్చాను. ముద్ర పడ్డ పేజీ దగ్గర తెరిచి, కాసేపు చూసి, ఆధార్ కార్డు పక్కన పెట్టి దాని మీదా ఒక రాయి పెట్టింది.