తీరిక దొరకని ఫుర్సత్‌గంజ్

లక్నో నుంచి రాయబరేలీ చేరి, ఆ పట్టణం దాటి తూర్పుగా మరి కాసేపు వెళ్తే ఫుర్సత్‌గంజ్. ‘ఫుర్సత్’ అంటే ఏమిటో మన హైదరాబాదీలకు చెప్పనక్కర్లేదు... తీరిక! పైలట్ కావాలని దేశం నలుమూలల నుంచీ వచ్చి అక్కడి హాస్టల్లో ఉంటున్న పిల్లలకు దొరకనిది అదొక్కటే.

రోడ్డుకు రెండు పక్కలా పొలాలు. చలికాలమైతే ఆవ పూలు పచ్చగా విరగబూసి ఉంటాయి. ఉన్నట్టుండి తుమ్మెద రొదలాంటి చప్పుడు. పైన తెల్లటి బుల్లి విమానం! కొత్తవాళ్లు ఆగి చూస్తారుగానీ ఊరివాళ్లకు అది ట్రాక్టర్ చప్పుడుతో సమానం. మరికాస్త ముందుకెళ్తే జాయస్ పట్టణం వస్తుంది. 16వ శతాబ్దంలో ‘పద్మావత్’ కావ్యం రాసిన మాలిక్ మహమ్మద్ జాయసీ ఊరది. ఆ కథను నడిపించేది ఒక చిలుక. రెక్కలతో ఈ నేలకు చుట్టరికం ఇప్పటిది కాదన్నమాట. అన్నట్టు, రైల్లో వెళ్లేవాళ్లు ఫుర్సత్‌గంజ్ బోర్డు కోసం వెతక్కూడదు. 2024లో ఆ స్టేషన్ పేరు తపేశ్వరనాథ్ ధామ్‌గా మారింది.

ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఇక్కడ ఏర్పాటైంది 1985లో. అప్పటి ప్రధాని రాజీవ్‌గాంధీ ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్, పైగా అమేథీ ఎంపీ. పైలట్ శిక్షణ సంస్థలు చాలా ఉన్నాయి, మన బేగంపేటలోనూ ఉంది. కానీ ఇది కేంద్ర పౌర విమానయాన శాఖ కింద నడిచే అకాడమీ. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి, 17 ఏళ్లు నిండినవాళ్లు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. అది గట్టెక్కితే ఆప్టిట్యూడ్ పరీక్ష, ఇంటర్వ్యూ.

సీటు రావడం ఒక ఎత్తు, ఆకాశం సహకరించడం ఒక ఎత్తు. గంగా మైదానంలో డిసెంబరు, జనవరి నెలలంటే పొగమంచు. రాత్రి మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. తడిపిన చేల మీది తేమంతా చిక్కటి తెరలా కమ్మేస్తుంది. తెల్లారి తలుపు తీస్తే ఎదుటి చెట్టు కనిపించదు. కళ్లతో దారి చూసుకుంటూ నడపాల్సిన శిక్షణ విమానానికి కనీసం అయిదు కిలోమీటర్ల మేర స్పష్టంగా కనిపించాలి. ఆ తెర విడిపోయేదాకా చేయగలిగింది పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడమే. వాతావరణశాస్త్రం పేపర్లో చదివే ప్రశ్నే కిటికీ బయట నిలబడి ఉంటుంది! మధ్యాహ్నానికి ఎండ పొడచూపితే అందరికీ ఒకేసారి తొందర. విమానాలు కొన్ని, కాచుకున్నవాళ్లు బోలెడుమంది.

ఎగరని రోజు లెక్కలోకి రాదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు తానే కెప్టెన్‌గా నడపాలి. కనీసం 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్ల ప్రయాణం ఒకటి చేయాలి. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగాలి. రాత్రిపూట ఎగరడం దీనికి అదనం. పేరుకు రెండేళ్ల కోర్సుగానీ మంచూ వానా కలిసి దాన్ని సాగదీస్తాయి. అందుకే 2021లో మహారాష్ట్రలోని గోండియాలో, మన తాండూరు అవతల ఉన్న కలబురగిలో కూడా అకాడమీ శిక్షణ మొదలుపెట్టింది. ఆదివారాలూ, పండగలూ తేడా లేకుండా ఎగరాలని నిర్ణయించింది. ఉన్న కాస్త ఫుర్సత్ కూడా అలా పోయింది.

విమానం ఎక్కే ముందు చుట్టూ తిరిగి అంగుళం అంగుళం తడిమి చూడాలి. ఇంధనం ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజు గొట్టంలోకి పట్టి, నీళ్లు కలిశాయేమో చూడాలి. మొదట్లో పక్కన శిక్షకుడుంటారు. ఎక్కడం, ఓ చుట్టు చుట్టడం, దిగడం... మళ్లీ మళ్లీ ఇదే. ఓ రోజు ఆయన దిగిపోయి, ‘ఇక నువ్వే వెళ్లు’ అంటారు. ఓ మనిషి బరువు తగ్గేసరికి విమానం ఎప్పటికన్నా చురుగ్గా పైకి లేస్తుంది. పక్క సీటు ఖాళీ అని గుర్తొచ్చేది అప్పుడే. దిగొచ్చాక బకెట్లతో నీళ్లు కుమ్మరించి తడిపేయడం పైలట్ స్కూళ్లలో పాత ఆనవాయితీ.

చదువూ తక్కువేం కాదు. నావిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు, సాంకేతిక పరీక్షలు... అన్నిట్లోనూ 70 శాతం రావాల్సిందే. ఎక్కువమందిని భయపెట్టేది నావిగేషన్. అవతలి రేవు చేరాలంటే ఏటి వాలును లెక్కేసి పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పినట్టే ఇక్కడ గాలి వాలును లెక్కగట్టాలి. కాకపోతే గడియారం పరిగెడుతుంటుంది. తెలుగు మీడియం పిల్లలకు మరో గండం రేడియోలో మాట్లాడే ఇంగ్లిషు. అందులో త్రీని ‘ట్రీ’ అనాలి, నైన్‌ని ‘నైనర్’ అనాలి. గరగరల మధ్య ఒక అంకె మరోదానిలా వినిపించకూడదనే ఈ ఏర్పాటు. దర్జాగా మాట్లాడక్కర్లేదు, తేటగా మాట్లాడితే చాలు. ఆ భయంతో ఆగిపోవాల్సిన పని లేదు.

ఇక ఇంట్లోవాళ్ల లెక్క. ఫీజు, బస, ఇతర ఖర్చులు కలిపి దాదాపు అర కోటి. ఇంత డబ్బు కట్టాక కంటి పరీక్షలో రంగులు సరిగా గుర్తుపట్టలేదని తేలితే? అందుకే అప్పు కోసం బ్యాంకుకు వెళ్లకముందే వైద్య పరీక్ష చేయించడం తెలివైన పని. మొదట క్లాస్-2, తర్వాత క్లాస్-1. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఇందుకు పేరున్న చోటు.

లైసెన్సు చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టేనా? అక్కడే చాలా కుటుంబాలు పొరపడతాయి. ఎయిర్‌బస్ ఎ320 లాంటి ఒక్కో రకానికీ ‘టైప్ రేటింగ్’ కావాలి. సొంత డబ్బుతో చేస్తే అది పది లక్షల పైమాటే. ఎయిర్‌లైన్స్‌వాళ్లు మళ్లీ రాతపరీక్ష పెడతారు, మానసిక సామర్థ్యం చూస్తారు, సిమ్యులేటర్‌లో కూర్చోబెడతారు. అదీ వాళ్లకు ఖాళీలున్నప్పుడే. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్న పైలట్లే రోడ్డున పడ్డారు. వాళ్ల వెనక వరసలో 200 గంటల పిల్లలు నిలబడాల్సి వచ్చింది. 2020లో కరోనా ఆ వరసను మరింత పెంచింది. తర్వాత గాలి మళ్లింది. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. అయితే అవన్నీ ఒక్క ఏడాదిలో వచ్చి వాలేవి కావు. ఎదురుచూసినన్నాళ్లూ లైసెన్సును బతికించుకోవాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా పునరుద్ధరించుకోవాలి. దానికి మళ్లీ విమానం ఎక్కాలి, మళ్లీ డబ్బు కట్టాలి. అర కోటి అంచనా రాసుకున్న కాగితం మీద చాలామంది వేయని పద్దు ఇదే.