పడవ సరే, నీళ్లేవి?

2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రమైన బిలాస్‌పూర్‌లో కోస్తా నుంచి కొలువుకొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. సెలవుల్లో షికారుకి చిన్న పడవ కొనాలన్న సరదా పుడితే వారు ముందు చూసుకోవాల్సింది జేబు కాదు, నది. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర గీతమైన పాట మొదలయ్యేదే ఊళ్లో పారే అర్పా పేరుతో. వేసవిలో మాత్రం ఆ నదిలో చాలాచోట్ల ఇసుక మేటలే. నిండుగా నీళ్లు చూడాలంటే పాతిక కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. అక్కడ రతన్‌పూర్ సమీపంలో ఖారంగ్ నదిపై ఖూటాఘాట్ జలాశయం ఉంది. అదీ సాగునీటి కోసం కట్టిందే. పొలాలకు వదిలేకొద్దీ మట్టం తగ్గుతుంది. కొన్ని నెలలే తేలే పడవకు ఏడాదంతా కాపలా, మరమ్మతుల ఖర్చు తప్పదు. మధ్యతరగతి బడ్జెట్‌కు అద్దె పడవే మేలు. అర్పాలో నీరు నిలిచాకే సొంత పడవ మాట.