ఐసు చేప

మా వాగు చేపను పట్టిన పూటే వండుకుంటాం. ఐసుతో పని లేదు. ఎండాకాలం సెలవులకు కోకాపేట పోయాను. అమ్మానాయన అక్కడ మేడలు కట్టే పనిలో ఉన్నారు. ఆదివారం అమ్మ గుడిసెల కాడ చేపలు అమ్ముతుంది. రవ్వ, బొచ్చె. కైకలూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి.

ఒక ఆదివారం డబ్బులు మిగులుతాయని అమ్మ ఐసు కొనలేదు. మధ్యాహ్నానికే మొప్పల ఎరుపు పోయింది. కళ్లు లోపలికి పోయాయి. నొక్కితే గుంట పడింది. అన్నీ పారబోశాం. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

బడికొచ్చి సైన్సు టీచర్‌ని అడిగాను. మన వేడి దేశపు చేపల మీది సూక్ష్మజీవులకు చలి పడదట. అందుకే కిలో చేపకు కిలో ఐసు వేస్తే 10 రోజుల పైనే ఉంటాయట. చలి దేశాల చేపల కన్నా ఎక్కువట! కానీ పట్టిన వెంటనే వెయ్యాలి. ఎండకు పాడైన చేపను ఐసు బాగు చెయ్యదు.

దసరా సెలవులకు పోయి అమ్మకు చెప్తాను.

— 9వ తరగతి విద్యార్థిని